అప్లై నొక్కేముందు లోపలి మనిషిని వెతకండి: సోషల్ మీడియాతో ఉద్యోగం సంపాదించడం ఎలా?

ఉద్యోగాల, వృత్తి పరిచయాల సోషల్ మీడియా సైట్ లింక్డ్‌ఇన్‌లో హైదరాబాద్ అకౌంటెంట్ ఉద్యోగం ఒకటి కనిపిస్తుంది. దాని కిందే 100 మందికి పైగా అప్లై చేశారని రాసి ఉంటుంది. మనమూ ఒక నొక్కు నొక్కి రెజ్యూమె పంపేస్తాం. వారం గడిచినా ఉలుకూ పలుకూ ఉండదు. ఇలా రోజూ పది పంపి, "సోషల్ మీడియాలో ఉద్యోగాలు రావండీ" అని చాలామంది తేల్చేస్తారు.

రెజ్యూమె పంపే పనికి నౌక్రీ, ఇండీడ్ లాంటి జాబ్ సైట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. సోషల్ మీడియాలో అదనంగా దొరికేది ఆ కంపెనీలో పనిచేసే మనిషి. ఖాళీ గురించి పేపర్లో పడకముందే తెలిసేది ఆయనకే, మన రెజ్యూమెను లోపలికి పంపగలిగేదీ ఆయనే. ఆయన మనకు దగ్గరి బంధువు కానక్కర్లేదు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే ఈ మాట చెప్పారు: ఉద్యోగం కబురు ఎక్కువగా అంతంతమాత్రం పరిచయస్తుల ద్వారా వస్తుంది, ఎందుకంటే ఇంట్లోవాళ్లకూ ప్రాణస్నేహితులకూ తెలిసిన ఖాళీలు మనకూ తెలిసే ఉంటాయి. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో సుమారు 2 కోట్ల మంది లింక్డ్‌ఇన్ సభ్యుల మీద పరీక్షించి చూస్తే, దాదాపు ఇదే తేలింది. కాబట్టి కింది పనులన్నీ ఆ అంతంతమాత్రం పరిచయాన్ని సంపాదించడం కోసమే.

1. మీ పనికి ఏ వేదిక సరిపోతుందో చూసుకోండి

సాఫ్ట్‌వేర్, అకౌంట్స్, హెచ్‌ఆర్, సేల్స్, ఫార్మా వాళ్లకు లింక్డ్‌ఇన్. కోడింగ్ చేసేవాళ్లు తమ కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్‌లో రెండు మంచి ప్రాజెక్టులు పెట్టుకుంటే రెజ్యూమెలో ఆ లింక్ ఇవ్వొచ్చు. వీడియో ఎడిటింగ్, డిజైన్, ఫొటోగ్రఫీ, మేకప్ వాళ్లకు ఇన్‌స్టాగ్రామే రెజ్యూమె. ప్రైవేటు స్కూల్ టీచర్లు, టెలికాలర్లు, డ్రైవర్లు, షోరూమ్ స్టాఫ్‌కు ఊరి ఫేస్‌బుక్ గ్రూపులు, వాట్సాప్ గ్రూపులు, అప్నా లాంటి యాప్‌లు పనికొస్తాయి. అన్నింట్లోనూ ఖాతా తెరిచి ఏదీ పట్టించుకోకుండా వదిలేయడం కన్నా ఒకటి రెండు చక్కగా వాడుకోవడం మేలు. ఇక్కడ ఎక్కువగా లింక్డ్‌ఇన్ గురించే చెబుతున్నా. ఉదాహరణకు విజయవాడలో బీకామ్ చదివి, రెండేళ్లు ఆడిటర్ ఆఫీసులో చేసి, హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగం చూసుకుంటున్న అమ్మాయిని అనుకుందాం.

2. పాత పోస్టులు సర్దుకోండి

ముందు గూగుల్‌లో మీ పేరు, ఊరు కొట్టి ఏం వస్తుందో చూడండి. అభిమాన హీరో కోసం ఆరేళ్ల కిందట ఫేస్‌బుక్‌లో ఎవరినో తిట్టిన తిట్లు, కులం పేరుతో పెట్టిన పోస్టులు, పార్టీల గొడవలు ఇంకా అక్కడే ఉంటాయి. ఫేస్‌బుక్ ప్రైవసీ సెట్టింగుల్లో పాత పోస్టులన్నింటినీ ఒకేసారి స్నేహితులకు మాత్రమే కనిపించేలా మార్చే వీలుంది. మరీ అధ్వాన్నంగా ఉన్నవి ఏకంగా తీసేయండి. వాట్సాప్ డీపీ కూడా చూసుకోండి. హెచ్‌ఆర్ మీ నంబర్ సేవ్ చేసుకోగానే కనిపించేది అదే.

3. ప్రొఫైల్‌లో చేసిన పని కనిపించాలి

పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌కు 220 అక్షరాల దాకా చోటుంటుంది. అందులో "ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. రిక్రూటర్లు వెతికేది పనుల పేర్లతో, సాఫ్ట్‌వేర్ పేర్లతో. మన విజయవాడ అమ్మాయి "అకౌంటెంట్ | ట్యాలీ ప్రైమ్, జీఎస్‌టీ రిటర్నులు, టీడీఎస్ | 2 ఏళ్ల అనుభవం" అని ఇంగ్లిష్‌లో రాసుకుంటే వాళ్ల వెతుకులాటలో తగులుతుంది.

"కష్టపడి పనిచేస్తాను, టీమ్ ప్లేయర్‌ని" లాంటివి మీ గురించి రాసుకునే అబౌట్ భాగంలో వద్దు, అవి అందరూ రాసేవే. ఎంతమంది క్లయింట్లకు జీఎస్‌టీఆర్-1, 3బీ రిటర్నులు వేశారు, ఈ-వే బిల్లులు మీరే తీసేవారా, ఆడిట్ సమయంలో మీ వంతు ఏమిటి, ఇవి రాయండి. హైదరాబాద్ వెళ్లడానికి సిద్ధమైతే లొకేషన్ హైదరాబాద్ పెట్టి, ప్రస్తుతం ఉంటున్నది విజయవాడ అని అబౌట్‌లో చెప్పేయండి. చాలామంది రిక్రూటర్లు ఊరు చూసే వడపోస్తారు.

"ఓపెన్ టు వర్క్" రెండు రకాలు. ఒకటి ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీతో అందరికీ కనిపిస్తుంది, రెండోది రిక్రూటర్లకు మాత్రమే. ఉద్యోగంలో ఉంటూ వెతుకుతున్నవాళ్లు రెండోదే వాడాలి. అదీ నూటికి నూరు శాతం గుట్టుగా ఉంటుందని లింక్డ్‌ఇన్ హామీ ఇవ్వదు. ప్రొఫైల్ మార్చేముందు మార్పును మీ పరిచయస్తులందరికీ తెలియజేసే "నోటిఫై నెట్‌వర్క్" అనే మీట ఆపేయడం మరవద్దు, లేకపోతే మీ బాస్‌కే ముందు తెలుస్తుంది.

4. మనుషులను వెతకండి

లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేజీ తెరిస్తే "అలమ్నై" అనే ట్యాబ్ ఉంటుంది. అక్కడ ఊరు హైదరాబాద్ అనీ, పని అకౌంటింగ్ అనీ ఎంచుకుంటే మీ కాలేజీలో చదివి ఇప్పుడు అక్కడ అదే పనిచేస్తున్నవాళ్లు వరసగా వస్తారు. నా లెక్కలో లింక్డ్‌ఇన్ మొత్తంలో ఎక్కువ పనికొచ్చేది, తక్కువమంది తెరిచి చూసేదీ ఇదే. మీకంటే రెండు నుంచి ఐదేళ్లు సీనియర్లను ఎంచుకోండి. డైరెక్టర్ స్థాయి వాళ్లకు మెసేజ్ చూసే తీరిక ఉండదు. నిన్నగాక మొన్న చేరినవాళ్లకు మీ పని గురించి భరోసాగా చెప్పే చనువు ఇంకా వచ్చి ఉండదు.

రెండో దారి పోస్టుల్లో వెతకడం. "హైరింగ్ అకౌంటెంట్ హైదరాబాద్" అని ఇంగ్లిష్‌లో కొట్టి, జాబ్స్ బదులు పోస్ట్స్ ఎంచుకుని, గత వారం రోజులవి మాత్రమే చూడండి. "మా టీమ్‌లో ఒకరు కావాలి" అంటూ మేనేజర్లు స్వయంగా పెట్టినవి అక్కడ దొరుకుతాయి. ఆ పోస్టు కింద "ఇంట్రెస్టెడ్" అని ఫోన్ నంబరుతో సహా రాసే వందమందిలో మీరు ఒకరు కావద్దు. ఆ నంబర్లు ఏరుకునే మోసగాళ్లూ అక్కడే ఉంటారు. పోస్టు పెట్టినవారికి నేరుగా రాయండి.

5. మెసేజ్ రాయడం

అసలు పని ఇక్కడే ఉంది, చాలామంది తప్పటడుగు వేసేదీ ఇక్కడే. "హాయ్ సర్" అని పంపి జవాబు కోసం కూర్చుంటారు. అవతలివాళ్లు అది చూసి, ఏం కావాలో తెలియక వదిలేస్తారు. లేదా మొదటి మాటలోనే "ప్లీజ్ రెఫర్ మీ" అంటారు. ముక్కూ మొహం తెలియని మనిషిని తన పేరు పెట్టి ఎవరు సిఫార్సు చేస్తారు?

ఉచిత ఖాతాలో కనెక్షన్ కోరుతూ నోట్ జతచేసే అవకాశం నెలకు కొన్నిసార్లే ఉంటుంది, అదీ 200 అక్షరాల్లోపు. అందుకని ఎవరికి పంపాలో ఆలోచించి ఖర్చు పెట్టండి. నోట్ ఇలా ఉంటే చాలు:

"నమస్తే మేడమ్. నేను మన కాలేజీ 2022 బీకామ్ బ్యాచ్. రెండేళ్లుగా జీఎస్‌టీ పని చేస్తున్నాను. మీరు ఆడిట్ ఆఫీసు నుంచి కంపెనీ అకౌంట్స్‌కు ఎలా మారారో తెలుసుకోవాలని ఉంది."

ఇంగ్లిష్‌లో రాసినా, తెలుగువాళ్లని తెలిసి తెలుగులో రాసినా ఫరవాలేదు. సర్, మేడమ్ అని మొదలుపెట్టండి. కాలేజీ సీనియర్ తానే "అన్నా అను చాలు" అంటే అప్పుడు మార్చుకోవచ్చు.

ఒప్పుకుని జవాబిచ్చారనుకోండి, ఉద్యోగం మాట అప్పుడే ఎత్తకండి. రెండు ప్రశ్నలు అడగండి, మూడోది వద్దు. వాళ్ల కంపెనీలో లెక్కలకు ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్ వాడతారా, ట్యాలీయేనా? ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు? ఇలాంటివాటికి జవాబివ్వడం వాళ్లకు తేలిక, వినడం మీకు లాభం.

వాళ్ల కంపెనీ సైట్‌లో మీకు సరిపోయే ఖాళీ పడినరోజు రెఫరల్, అంటే లోపలినుంచి సిఫార్సు, అడగండి. ఒకే మెసేజ్‌లో అన్నీ ఇవ్వాలి: ఉద్యోగం పేరు, జాబ్ ఐడీ, పీడీఎఫ్ రెజ్యూమె, ఆ పనికి మీరెందుకు తగినవారో రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలను వాళ్లు అలాగే కాపీ చేసి లోపలి పోర్టల్‌లో పెట్టేస్తారు. "నా ప్రొఫైల్ చూసి ఏదైనా సరిపోతే చెప్పండి" అంటే వెతికే పని వాళ్ల నెత్తిన పెట్టినట్టే. మొహమాటపడాల్సిన అవసరమూ లేదు. రెఫర్ చేసిన మనిషి చేరితే ఉద్యోగికి బోనస్ ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి.

జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. ఎవరికి ఎప్పుడు రాశారో ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టుకుంటే ఒకరికే రెండుసార్లు పంపే ఇబ్బంది తప్పుతుంది.

6. అప్పుడప్పుడూ ఏదైనా రాయండి

వారానికొక పోస్టు చాలు. మన కొనుగోళ్ల లెక్కకూ, అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే జీఎస్‌టీఆర్-2బీకీ తేడా వస్తే ఎలా పట్టుకున్నారో పది లైన్లలో రాస్తే, మీరు పని తెలిసినవారని వేరే చెప్పక్కర్లేదు. క్లయింట్ పేరు, అంకెలు మాత్రం బయటపెట్టకూడదు. స్ఫూర్తి సూక్తుల వల్ల లైకులు వస్తాయేమో గానీ ఇంటర్వ్యూలు రావు.

7. మోసాలు పసిగట్టండి

డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. రిజిస్ట్రేషన్, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, ఏ పేరు పెట్టినా ఇంతే. ఇంటర్వ్యూ లేకుండా వచ్చిన ఆఫర్ లెటర్, పెద్ద కంపెనీ పేరుతో జీమెయిల్ నుంచి వచ్చిన మెయిల్ నమ్మొద్దు. చిన్న కంపెనీ అయితే అది నిజంగా నమోదై ఉందో లేదో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు.

టెలిగ్రామ్‌లో "వీడియోలకు లైక్ కొట్టండి, డబ్బులిస్తాం" అనేవాళ్లు మొదట నిజంగానే వంద, రెండొందలు వేస్తారు. తరవాత పెద్ద టాస్క్ అంటూ మీచేత వేలల్లో కట్టించి మాయమవుతారు. హైదరాబాద్‌లో ఇంకో రకం "బ్యాక్‌డోర్". లక్షలు కడితే ఐటీ కంపెనీలో చేర్పిస్తామని, లేని అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టిస్తామని చెబుతారు. డబ్బు పోవడం ఒక ఎత్తు, చేరాక పాత ఉద్యోగాల వివరాలు ఆరా తీసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికి ఉద్యోగం పోవడం ఇంకో ఎత్తు.

విదేశీ ఉద్యోగాల ప్రకటనలకు మరింత జాగ్రత్త కావాలి. డేటా ఎంట్రీ పని అని నమ్మి కంబోడియా వెళ్లిన విశాఖ ప్రాంతపు యువకులతో అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో బయటపడింది. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. నమోదైన ఏజెంటు సర్వీసు చార్జీగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే కాబట్టి ముందు అక్కడ అడగడం మంచిది. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

8. ఉద్యోగం వచ్చాక

"ఓపెన్ టు వర్క్" తీసేయండి. చేతిలో ఆఫర్ ఉన్నా, చేరే తేదీ దాకా లింక్డ్‌ఇన్‌లో ప్రకటించకుండా ఉండటమే క్షేమం. రెఫర్ చేసినవారికి మాత్రం ఆ తేదీ వెంటనే చెప్పండి. వాళ్ల బోనస్ సాధారణంగా మీరు చేరి కొన్ని నెలలు పనిచేశాకే వస్తుంది, హెచ్‌ఆర్‌ను అడిగేటప్పుడు వాళ్లకు ఆ తేదీ కావాలి.