పాత ఎలక్ట్రిక్ కారుకు ధర కట్టడం ఎలా?

పాత నెక్సాన్ ఈవీ వంటి కారును కొనేటప్పుడు ముందుగా బ్యాటరీ సంగతి తేల్చుకోవాలి. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వర్తించే బ్యాటరీ వారంటీలో ఎంత మిగిలిందో, అది రెండో యజమానికి బదిలీ అవుతుందో లేదో సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా తీసుకోవాలి. డ్యాష్‌బోర్డు చూపే రేంజిని, అంటే ఒక్క ఫుల్ ఛార్జ్‌తో బండి వెళ్లే దూరాన్ని, నమ్మి ధర ఒప్పుకోవడం తొందరపాటే. బండిని 100 శాతం ఛార్జ్ చేయించి, 20 శాతానికి దిగేదాకా మామూలు వేగంతో నడిపి, తిరిగిన కిలోమీటర్లను 0.8తో భాగిస్తే అసలు రేంజి సుమారుగా తెలుస్తుంది. ఉదాహరణకు 160 కిలోమీటర్లు వస్తే రేంజి 200 అన్నమాట.

ధరను అమ్మకందారు ఆనాడు పెట్టిన సొమ్ముతో కాక, కొత్త బండి నేటి ఆన్‌రోడ్ ధరతో పోల్చాలి. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించినందున, అంతకుముందు అమ్మకందారు కట్టిన పన్నును బేరంలో కలపనివ్వకూడదు.