మాన్యువల్ అల్ట్రా వైడ్ లెన్స్‌తో షూట్‌కి వెళ్లే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

12, 14, 15 ఎంఎం మాన్యువల్ లెన్స్‌లతో (బాగా విశాలంగా చూసే, ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిన లెన్స్‌లు) అసలు చిక్కేంటంటే, తప్పు జరిగిన సంగతి అక్కడికక్కడ తెలియదు. 85 ఎంఎంతో ఫోకస్ తప్పితే కెమెరా వెనక స్క్రీన్ మీదే మొహం మసగ్గా కనబడి దొరికిపోతుంది. ఇక్కడ ఆ చిన్న స్క్రీన్ మీద అంతా షార్ప్‌గానే ఉన్నట్టుంటుంది, ఇంటికొచ్చి కంప్యూటర్లో వంద శాతానికి పెంచి చూసుకుంటేగానీ దూరంగా ఉన్న కొండలు మెత్తబడ్డాయని, అంటే స్పష్టత పోయిందని బయటపడదు. అప్పటికి ఆ సూర్యోదయం అయిపోయింది, ఆ పెళ్లి అయిపోయింది. అందుకే మళ్లీ దొరకని షూట్‌కి దీన్ని తీసుకెళ్తుంటే చెకింగ్ మొత్తం బయల్దేరక ముందే అయిపోవాలి.

ముందుగా ఇన్ఫినిటీ గుర్తు, అంటే బాగా దూరంలో ఉన్నవాటికి ఫోకస్ కుదరాలని ఫోకస్ రింగ్ మీద వేసిన గుర్తు. దాన్ని నమ్మకండి, ముఖ్యంగా మధ్యలో అడాప్టర్ (ఒక రకం లెన్స్‌ని వేరే రకం కెమెరాకి బిగించే రింగ్) ఉంటే అస్సలు నమ్మకండి. ఫోకస్ ఇన్ఫినిటీ దాకా కచ్చితంగా చేరాలని చాలా అడాప్టర్లను కావాలనే కాస్త పలచగా చేస్తారు. 50 ఎంఎం లెన్స్‌కి అది పెద్ద విషయం కాదు గానీ వైడ్‌కి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. అడాప్టర్ 0.1 ఎంఎం పలచగా ఉందనుకోండి, 50 ఎంఎంలో అసలు ఇన్ఫినిటీ రింగ్ మీద 25 మీటర్ల గుర్తు దగ్గరికి జరుగుతుంది, 15 ఎంఎంలో ఏకంగా రెండుంపావు మీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. మీరు రింగ్‌ని చివరిదాకా తిప్పి ‘హమ్మయ్య, ఇన్ఫినిటీలో పెట్టేశా’ అనుకుంటే ఫోకస్ ఇన్ఫినిటీని కూడా దాటిపోయి ఉంటుంది. అడాప్టర్ అంతే మందం ఎక్కువైతే ఇంకా ఘోరం, రెండుంపావు మీటర్లు దాటితే ఫోకస్ అందనే అందదు. ఇంకో సంగతి, పగలు అపెర్చర్‌ని (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/8కి మూసినప్పుడు ఈ తేడా దాదాపుగా దాక్కుంటుంది. రాత్రి ఎఫ్/2.8కి తెరిచినప్పుడు బయటపడుతుంది. అంటే పగటి ఫొటోలు బాగా వచ్చాయి కాబట్టి లెన్స్ బాగుందనుకోవడం కుదరదు.

టెస్ట్ చేయడం తేలికే. ట్రైపాడ్ మీద పెట్టి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, బాగా దూరంగా ఉన్న టవర్‌నో దీపాన్నో మాగ్నిఫై చేసి చూస్తూ రింగ్‌ని ఇటూ అటూ తిప్పండి. ఎక్కడ అన్నిటికంటే స్పష్టంగా ఉందో అక్కడ సన్నటి టేప్ ముక్క అంటించి గీత పెట్టుకోండి, మీ లెన్స్‌కి మీ అడాప్టర్‌తో ఇన్ఫినిటీ అదే. అడాప్టర్ మారిస్తే మళ్లీ మొదటికి. అదే పనిలో, అదే టవర్‌ని ఫ్రేమ్ నాలుగు మూలలకూ జరుపుతూ తలా ఒక ఫొటో తీయండి. మూలలన్నీ సమానంగా కాస్త మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ గుణం, సర్దుకుపోవచ్చు. ఒక పక్క బాగుండి రెండో పక్క మాత్రం పాడైతే అడాప్టర్ వంకరగా కూర్చుందో, లెన్స్‌లో గాజు పక్కకి జరిగిందో అని అర్థం. దానికి మీరు ఫీల్డ్‌లో చేయగలిగింది ఏమీ లేదు, వాపసు గడువు ఉండగానే ఇది చూసుకోవాలి.

హైపర్‌ఫోకల్ పట్టికలు (ఎంత దూరాన ఫోకస్ పెడితే ఇన్ఫినిటీ దాకా షార్ప్‌గా ఉంటుందో చెప్పేవి) చూసుకుని వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. 15 ఎంఎం, ఎఫ్/8కి పట్టిక సుమారు 0.95 మీటర్లు అంటుంది, కానీ ఆ లెక్క 0.03 ఎంఎం మసకని ‘షార్ప్’ అని ఒప్పుకునే పాత కొలత. 40, 60 మెగాపిక్సెల్ సెన్సార్ మీద పెంచి చూసేవాళ్లకి అది చాలదు, ఆ మసకని సగానికి తగ్గించి లెక్కేస్తే దూరం 1.9 మీటర్లవుతుంది. నా మటుకు నేను రెండు మీటర్ల దగ్గర పెట్టేస్తాను, ఒక మీటర్ నుంచి చివరిదాకా బాగుంటుంది. భయపడి ఎఫ్/16కి మూసేయడం కంటే ఇదే నయం, అక్కడ డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వచ్చే కాంతి చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది.

ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచుల్ని స్క్రీన్ మీద రంగుతో చూపించే సదుపాయం) మీద కూడా ఆధారపడకండి. ఇంత వైడ్‌లో చిన్న చిన్న అంచులు ఎక్కువ, అవి ఫోకస్‌కి దగ్గర్లో ఉన్నా చాలు మెరుస్తాయి, ఫ్రేమంతా ఎర్రగా వెలిగిపోతుంది, మీకేమో అంతా ఓకే అనిపిస్తుంది. మాగ్నిఫై బటన్‌ని వేలికి అందే చోట పెట్టుకోండి. అపెర్చర్ తెరిచి ఫోకస్ చేయండి, తర్వాత ఎన్ని క్లిక్‌లో లెక్కపెట్టుకుంటూ మూయండి. కొన్ని లెన్స్‌ల్లో మూసేటప్పుడు ఫోకస్ కాస్త జరుగుతుంది, కాబట్టి తీయబోయే అపెర్చర్‌లో మళ్లీ ఒకసారి చూసుకోవడం మంచిది.

కెమెరా మెనూలో చూసుకోవాల్సినవి రెండే. కాంటాక్టులు (కెమెరాకి సమాచారం పంపే లోహపు బిందువులు) లేని లెన్స్ పెడితే అసలు లెన్సే లేదనుకుని కొన్ని కెమెరాలు షటర్ కొట్టవు, ‘లెన్స్ లేకుండా రిలీజ్’ అనే ఆప్షన్ ముందే ఆన్ చేయండి. రెండోది బాడీలోని స్టెబిలైజేషన్‌కి (సెన్సార్‌ని కదిపి చేతి వణుకుని సరిచేసేది) ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ ఎన్ని ఎంఎందో చెప్పడం. నిన్న 85 పెట్టి మర్చిపోయారా, ఇవాళ 15 ఎంఎంకి అది అవసరానికి మించి సెన్సార్‌ని కదిపి అదే బ్లర్ తెస్తుంది. చేతిలో పట్టుకుని నడుస్తూ వీడియో తీస్తే నంబర్ సరిగ్గా ఉన్నా మూలలు జెల్లీలా ఊగుతాయి, దానికి గింబల్ (కెమెరాని కుదుపు లేకుండా పట్టే మోటార్ల స్టాండ్) వాడి స్టెబిలైజేషన్ ఆపేయడమే మంచి దారి.

ఫిల్మ్ రేంజ్‌ఫైండర్ల (లోపల అద్దం లేని ఒక రకం పాత కెమెరాలు) కాలం నాటి లెన్స్ అయితే మూలల్లో ఊదా రంగు వస్తుందేమో చూడండి. వాటి వెనక గాజు సెన్సార్‌కి బాగా దగ్గరగా ఉండి కాంతి ఏటవాలుగా పడుతుంది, డిజిటల్ సెన్సార్‌కి, దాని ముందున్న గాజుకి అది పడదు. వోయిగ్ట్‌లాండర్ 15 ఎంఎంలో ఈ గొడవ ఉండబట్టే మూడో వెర్షన్‌ని డిజిటల్ కోసం మళ్లీ డిజైన్ చేశారు. పాతదే మీ దగ్గరుంటే, ఫొటో తీసిన వెంటనే అదే అపెర్చర్, అదే ఫోకస్‌తో లెన్స్ ముందు తెల్లటి పాల రంగు ప్లాస్టిక్ ముక్క పెట్టి ఇంకో ఫ్రేమ్ కొట్టండి. తర్వాత లైట్‌రూమ్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్)లో ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్‌కి, అంటే మూలల్లోని రంగుని తీసేయడానికి అది పనికొస్తుంది. కాంటాక్టులు లేని లెన్స్ అయితే ఫైల్‌లో అపెర్చర్ కూడా నమోదు కాదు కాబట్టి ఫోన్‌లో రాసుకోవడం అలవాటు చేసుకోండి, విసుగే అనుకోండి.

పోలరైజర్ (ఆకాశాన్ని ముదురు నీలంగా చూపే ఫిల్టర్) ఇంట్లో పెట్టేయండి. సూర్యుడికి 90 డిగ్రీల దిక్కున ఆకాశం మీద దాని ప్రభావం ఎక్కువ, ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 15 ఎంఎం మూల నుంచి మూలకి దాదాపు 110 డిగ్రీలు చూస్తుంది, దాంతో నీలాకాశం మధ్యలో నల్లటి పట్టీ వస్తుంది, ఎడిటింగ్‌లో దాన్ని సరిచేయడం నరకం.

గ్రూప్ ఫొటో తీయాల్సి వస్తే మనుషుల్ని మధ్యలోకి జరపండి. 15 ఎంఎంలో ఫ్రేమ్ పక్క అంచున ఉన్న గుండ్రటి తల ఒకటిన్నర రెట్లకు పైగా, మూలలో 1.75 రెట్లు సాగుతుంది. లెన్స్‌లో డిస్టార్షన్ సున్నా అని రాసి ఉన్నా ఇది తప్పదు, గీతలు వంగకుండా తిన్నగా ఉంచినందుకు చెల్లించే మూల్యమే ఇది. అంచున నిలబడ్డవాళ్లు ఆ ఫొటోని జన్మలో క్షమించరు.

ఇక నిజంగా ఒళ్లు జాగ్రత్త అనాల్సిన చోటు. ఈ లెన్స్‌లో ఏదైనా ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది, అందుకని వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ముందుకెళ్లిపోతాం. కొండ అంచుల దగ్గర, అలల దగ్గర, జంతువుల దగ్గర కన్ను తీసి చూసుకున్నాకే అడుగెయ్యండి. ముందు గాజు ఉబ్బెత్తుగా ఉన్న లెన్స్ అయితే రాయికో గోడకో మొదట తగిలేది అదే, చాలావాటికి ఫిల్టర్ బిగించే మర కూడా ఉండదు.

ఎండలో ట్రైపాడ్ మీద వదిలేసి పక్కకెళ్లేటప్పుడు క్యాప్ పెట్టండి. ఇంత వైడ్‌లో ఎటు తిప్పినా సూర్యుడు ఫ్రేమ్‌లోకి వచ్చే అవకాశం ఎక్కువ, మాన్యువల్ అపెర్చర్ దానంతటది మూసుకోదు, మిర్రర్‌లెస్‌లో సెన్సార్‌కి అడ్డంగా అద్దమూ ఉండదు.

రాత్రి నక్షత్రాల కోసమైతే పగలు పెట్టుకున్న టేప్ గుర్తుతో మొదలుపెట్టి, ప్రకాశవంతమైన నక్షత్రాన్ని మాగ్నిఫై చేసి సరిచేసుకుని, రింగ్ కదలకుండా టేప్ వేసేయండి. 500 సూత్రం (500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే నక్షత్రాలు గీతలు కాకుండా షటర్ తెరిచి ఉంచగల సెకన్లు వస్తాయనేది) 15 ఎంఎంకి 33 సెకన్లు ఇస్తుంది, నేటి సెన్సార్ల మీద గీతలు కనిపిస్తాయి, 20 దాటకండి. చలి పెరిగేకొద్దీ ఫోకస్ కాస్త జరుగుతుంది, గాజు మీద మంచు పడుతుంది, గంటకోసారి టార్చ్ వేసి గాజు చూసి, ఫోకస్ కూడా మళ్లీ చూసుకోండి. అలాగే టేప్ వేసేటప్పుడు పక్కనే ఉన్న అపెర్చర్ రింగ్ మీ వేలు తగిలి ఎఫ్/5.6కి తిరిగిపోలేదు కదా, అది కూడా.