సండే స్కూల్లో పిల్లలు పాడకపోతే నేనేం చేశానంటే

మాది కందుకూరు దగ్గర పల్లె, చర్చిలో పిల్లల పాటల టైం నాది. ముందు వరసలో నలుగురు పాడేవాళ్ళు, వెనకాల మగపిల్లలు చాప పుల్లలు పీక్కుంటా కూర్చునేవాళ్ళు, గద్దిస్తే ఆ నలుగురూ నోరు మూసేవాళ్ళు. బైబిల్లో 150వ కీర్తనలో ఉండేది 6 వచనాలే గానీ బూర, తంబుర, పిల్లనగ్రోవి, తాళాలు అన్నీ ఉన్నాయి కదా, అది చదివి ఖాళీ వాటర్ బాటిళ్ళల్లో శనగలు పోసి మూత బిగించి తలా ఒకటి ఇచ్చా. నిండా పోస్తే మోగదు, గుప్పెడు చాలు. నా చెయ్యి కిందికుంటే గుసగుసగా పాడాలి, పైకెత్తితే గొంతెత్తాలి, గుప్పిట మూస్తే టక్కున ఆపాలి. ఆ ఆపడంలోనే వాళ్ళకి అసలు సరదా! ఒకటే చరణం 7 సార్లు పాడారు, విసుగే లేదు. ఎప్పుడూ నోరు విప్పని బుడ్డోడు నా కొంగు లాగి "అక్కా, ఈసారి చెయ్యి నేనెత్తుతా" అన్నాడు. ఈ ఆదివారం వాడిదే.