పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఫోన్ ఎక్కడ పెట్టుకోవాలి? జానా మూరా లెక్క

గుండె లయ తప్పకుండా కొట్టుకునేలా చూసే పేస్‌మేకర్ మిషన్ పెట్టించుకుని పలాస వచ్చాక, కుట్లు ఆరాయో లేదో మా నాన్న చొక్కా ఎడమ జేబులో ఫోన్ వేసుకుని జీడితోటకు బయల్దేరాడు. మిషన్ ఉన్నది సరిగ్గా ఆ జేబుకు పైన, మెడ ఎముక కింద. తీసెయ్ నాన్నా అంటే, "మరి జేబు ఎందుకురా కుట్టించుకున్నది?" అన్నాడు. సెంటీమీటర్లంటే ఆయన చెవికెక్కదు. చేతి కొలతల్లో చెప్పాను.

1. ముందు ఆ జేబు ఖాళీ చేయండి. ఫోన్‌కీ పేస్‌మేకర్‌కీ మధ్య కనీసం 15 సెంటీమీటర్లు ఉండాలి. జానెడు దానికంటే ఎక్కువే, కాబట్టి జానెడు అనుకుంటే సరి. ప్యాంటు జేబు, చేతిసంచి, పంచె కట్టేవాళ్లకు రొంటి, ఏదైనా పర్లేదు. మిషన్ ఎడమవైపు ఉంటే కుడి చెవితో మాట్లాడాలి. వీడియో చూస్తూ చూస్తూ ఫోన్ గుండెల మీద బోర్లించి నిద్రపోతారు కొందరు, అది జేబు కంటే అన్యాయం.

పేస్‌మేకర్ ఊరికే కొట్టే గడియారం కాదు. గుండె తనంతట తాను కొట్టుకుంటోందా లేదా అని వైరు ద్వారా వింటూ ఉంటుంది. ఆ సంకేతం మిల్లీవోల్టుల్లో ఉండేంత సన్నది. ఫోన్ మరీ దగ్గరైతే దాని తరంగాలనే గుండె చప్పుడనుకుని పని ఆపొచ్చు. ఇప్పటి మిషన్లలో ఫిల్టర్లు ఉంటాయి కాబట్టి ఇలా జరగడం అరుదు. పాత 2జీ ఫోన్ 2 వాట్ల దాకా పంపగలదు, 4జీది 0.2 వాట్లే. అయితే సిగ్నల్ అందకపోతే ఏ ఫోనైనా జోరు పెంచుతుంది. సీతంపేట కొండల్లో ఒక్క గీత మీద మాట్లాడేటప్పుడు ఆ జానెడు మరీ ముఖ్యం.

2. అయస్కాంతాలు వెతకండి. మూతలున్న ఫోన్ కవర్లలో, ఇయర్‌బడ్స్ డబ్బాల్లో, ఐఫోన్ 12 నుంచి వచ్చిన చాలా మోడళ్ల వెనక ఉంటాయి. వాటికీ అదే జానెడు. వైర్‌లెస్ ఛార్జింగ్ జరుగుతుంటే 30 సెంటీమీటర్లు దాటి ఉండాలి. మూరెడు లెక్క పెట్టుకోండి. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే ఐసీడీ అనే మిషన్ ఉన్నవాళ్లకు ఇది ఇంకా అవసరం, అయస్కాంతం దగ్గరుంటే అది షాక్ ఇవ్వడం ఆపేస్తుంది.

3. ఐసీయూలో వెంటిలేటరు, మందు ఎక్కించే పంపు, మానిటరు ఉన్నచోట వాటికి ఫోన్ మీటరు దూరం, అంటే రెండు మూరలు దాటి. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో నేనే ఫోన్ తీసుకెళ్లి పంపు పక్కన పెట్టాను. సిస్టరమ్మ ఒక్క మాటా అనకుండా దాన్ని నా చేతిలో పెట్టి తలుపు చూపించింది. ఫోన్ రింగ్ అవకముందే టవర్‌తో మాట్లాడటం మొదలుపెడుతుంది, సైలెంట్‌లో పెట్టినా అంతే. లోపలికి వెళ్లేముందు స్విచాఫ్, లేదా ఫ్లైట్ మోడ్.

4. తల తిరిగినా, గుండె దడ అనిపించినా ముందు ఫోన్ దూరంగా పెట్టండి. ఫోన్ వల్లే అయితే మిషన్ వెంటనే మామూలైపోతుంది. తగ్గకపోతే ఫోన్‌ను తిడుతూ కూర్చోకుండా 108కి చేయండి.

మా నాన్న ఎడమ జేబులో ఇప్పుడు పేస్‌మేకర్ కార్డు ఉంటోంది. మిషన్ మోడల్, పెట్టిన తేదీ దాని మీదే ఉంటాయి, ఏ డాక్టరైనా ముందు అడిగేది అదే.