చల్లబడ్డ బోనెవిల్‌కి కిక్ కొట్టే ముందు

1965 నాటి మోటార్‌సైకిల్ ట్రయంఫ్ బోనెవిల్‌ని చూడగానే ఎవరి కాలైనా కిక్ మీదకే పోతుంది. నన్నడిగితే అది ఆఖర్న చేయాల్సిన పని. ఈ 649 సీసీ ఇంజన్‌కి మొండిదని పేరు పడింది గానీ, మొండితనం చాలావరకు తొక్కేవాళ్లదే.

ముందు క్లచ్ సంగతి చూడండి. బండి రాత్రంతా నిలబడితే ఆయిల్‌కి క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. లీవర్ పూర్తిగా పట్టి కిక్‌ని నాలుగైదుసార్లు తొక్కండి. మొదట ఇంజన్ కూడా తిరుగుతూ బరువుగా ఉంటుంది, ప్లేట్లు విడివడగానే కాలికి తేలికైపోతుంది. ఇది మానేస్తే ఫస్ట్ గేర్ వేయగానే బండి ఠంగుమని ముందుకు గెంతుతుంది. అన్నట్టు, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్తవాళ్లకి అసలు టెన్షన్ అక్కడే.

పెట్రోల్ ట్యాప్ తిప్పాక, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే అమల్ కంపెనీ కార్బురేటర్లు. రెండింటికీ టిక్లర్ అనే చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే లోపల పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ కిందికి దిగి పెట్రోల్ మట్టం పెరుగుతుంది. వేలికి తడి తగలగానే వదిలేయండి. ధార కట్టేదాకా నొక్కేవాళ్లున్నారు. ప్లగ్గులు తడిసిపోయాక ఎంత తొక్కినా దండగే, పైగా మంటంటుకునే ప్రమాదం. కారిన పెట్రోల్ తుడిచి, ఆరాకే ముందుకెళ్లండి.

ఈ ఇంజన్‌లో రెండు పిస్టన్లూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. అందుకే కిక్ ఒకచోట బాగా గట్టిపడుతుంది. ఇగ్నిషన్ ఆఫ్‌లోనే అక్కడిదాకా మెల్లగా తోసి, ఆ బిగువు కాస్త దాటించి, పెడల్‌ని పైకి రానివ్వండి. ఇప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేసి, యాక్సిలరేటర్ పిసరంత తెరిచి, ఒంటి బరువంతా వేసి కిందిదాకా తొక్కండి. సగంలో ఆపితే ఎదురు తన్నుతుంది, చీలమండ జాగ్రత్త.

స్టార్ట్ అయ్యాక మురిసిపోకుండా ఆయిల్ ట్యాంక్ మూత తీయండి. ఇంజన్ అడుగు నుంచి పంపు లాగిన ఆయిల్ రిటర్న్ పైపులోంచి నురగతో చిమ్ముతుండాలి. నిమిషంలోపు రాకపోతే వెంటనే ఆపేయండి.

వారాల తరబడి నిలబెట్టిన బండిలో ఆయిల్ పంపు దాటి ఇంజన్ అడుగునున్న క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. ట్యాంక్‌లో మట్టం తగ్గినట్టు కనిపిస్తే తొందరపడి పోయకండి. కిందికి దిగిందంతా స్టార్ట్ చేశాక తిరిగొచ్చి ట్యాంక్ పొంగుతుంది. మొదట్లో వచ్చే పొగ కూడా దానివల్లే. కాసేపు నడిపి, ఇంజన్ వేడెక్కాక మట్టం చూసి, అప్పటికీ తక్కువుంటే పోయండి.