క్రమం తప్పిన దుప్పి కొమ్ములను కొలిచే విధానం

చెన్నైలో జంతుశాస్త్రం చదివే తెలుగు విద్యార్థులు కాలేజీ మ్యూజియంలోని పాత దుప్పి కొమ్ములను కొలిచి రికార్డు రాయవలసి వచ్చినప్పుడు, రెండు పక్కలా సమంగా పెరిగిన జతతో పెద్ద ఇబ్బంది ఉండదు. అడ్డదిడ్డంగా పంగలు వేసిన జతకు మాత్రం టేపు పట్టుకునే ముందే ఏది అసలు కొమ్ము, ఏది దాని సహజమైన శాఖ, ఏది అదనంగా మొలిచినది అని తేల్చుకోవాలి. అక్కడ పొరపాటు జరిగితే ఎంత జాగ్రత్తగా కొలిచినా ఫలితం ఉండదు.

గిండీ అడవిలో తిరిగే చుక్కల దుప్పికి మామూలుగా ఒక్కో కొమ్ముకు మూడు మొనలుంటాయి: నుదుటి దగ్గర ముందుకు వంగిన శాఖ ఒకటి, పైన చీలినవి రెండు. నుదుటి శాఖ అసలు కొమ్మును కలిసే వంపులో చిన్న పిలకలు మొలుస్తుంటాయి. మొన అనదగినంత పొడవున్న వాటిని అదనపు మొనల కిందే రాయాలి.

ఈ విభజన నేర్చుకోవడానికి అమెరికాలో వేటగాళ్ల సంస్థ అయిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు 1950లో స్వీకరించిన పద్ధతి చాలా ఉపకరిస్తుంది. అక్కడి తెల్లతోక జింక కోసం కట్టిన స్కోరును, అంటే కొమ్ము కొలతలను కూడి తేల్చే మొత్తాన్ని, మన దుప్పికి అంటగట్టడం సరికాదు గాని, కొలతలో అది పాటించే కట్టుదిట్టం మనకూ అవసరమే. ఆ పద్ధతిలో కొమ్ములు కనీసం 60 రోజులు ఆరిన తర్వాతే, పావు అంగుళం వెడల్పున్న స్టీలు టేపుతో, అంగుళంలో ఎనిమిదో వంతు వరకు కొలుస్తారు. గుడ్డ టేపు సాగుతుంది కనుక దాన్ని వాడకూడదు.

మొన అనిపించుకోవాలంటే కనీసం ఒక అంగుళం పొడవుండాలి. కొస నుంచి అంగుళం గాని అంతకు మించి గాని కిందికి వచ్చిన చోట ఎక్కడైనా పొడవు వెడల్పును మించాలి. అంగుళంపావు ఎత్తున్నా మొదలంతా లావుగా ఉన్న బుడిపె ఈ పరీక్షలో నిలవదు. మొన పొడవును కొస నుంచి వెలుపలి వంపు మీదుగా కొలవాలి గాని, అసలు కొమ్ము మందాన్ని అందులో కలపకూడదు. అందుకు మొన లేనట్టు ఊహించుకొని, అసలు కొమ్ము పై అంచు వెంట మాస్కింగ్ టేపు అంటించి, ఆ గీత దగ్గర ఆపాలి. అసలు కొమ్మును మాత్రం మొదట్లోని గరుకు వలయం కింది అంచు నుంచి వెలుపలి పక్కగా కొస దాకా కొలుస్తారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ పద్ధతిలో కొమ్ములను మామూలు రూపంలో ఉన్న క్రమమైన తరగతి, అదనపు మొనలతో ఉన్న క్రమం తప్పిన తరగతి అని రెండుగా చూస్తారు. క్రమమైన తరగతిలో అదనపు మొనల పొడవును మొత్తం నుంచి తీసేస్తారు, క్రమం తప్పిన తరగతిలో అదే పొడవును కలుపుతారు. ఒక్క 4 అంగుళాల అదనపు మొన వల్లనే రెండు తరగతుల స్కోర్ల మధ్య 8 అంగుళాల తేడా వస్తుంది. కుడి ఎడమల మధ్య తేడాలను రెండు తరగతుల్లోనూ మొత్తం నుంచి తీసేస్తారు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాలిన కొమ్మును కూడా అనుమతి లేకుండా ఇంటికి తెచ్చుకోకూడదు కనుక, సంస్థ అధీనంలో ఉన్న నమూనాల మీదే ఈ పని చేయాలి. విరిగిన మొనను ఉన్నంత మేరకే కొలిచి, విరిగిందని పక్కన రాయాలి; పోయిన భాగాన్ని అంచనా వేసి కలపకూడదు.