తామరాకును రుద్ది చూడండి

అమలాపురంలో మా పిల్లలకు సైన్సు చెప్పేటప్పుడు ఈ ప్రయోగం తప్పకుండా చేయిస్తాను. చెరువులోంచి దెబ్బతినని తామరాకు కోయండి. పైవైపున సగభాగాన్ని వేలితో గట్టిగా రుద్ది, రెండు సగాల మీదా నీటిబొట్లు వేయండి. రుద్దనిచోట బొట్టు గుండ్రంగా దొర్లుతూ దుమ్మునూ ఊడ్చుకుపోతుంది. రుద్దినచోట చతికిలబడుతుంది.

ఆకు మీది మైనపు అణువులు వాటంతటవే పేర్చుకుని కంటికి కనపడనంత సన్నటి గొట్టాలవుతాయి. వాటి మధ్య గాలి నిలిచి నీటిని అంటనివ్వదు. రుద్దితే ఆ గొట్టాలు నలిగిపోతాయి. ఎంత సొగసైన నిర్మాణమో! జర్మనీలో బార్త్‌లాట్, నైన్‌హుయిస్ అనే వృక్షశాస్త్రవేత్తలు 1997లో దీన్ని వివరించారు. గోడలకు దుమ్ము పట్టనివ్వని పెయింట్లు ఈ సూత్రంతోనే వచ్చాయి.

ఇక ఇలా నీరంటని పలకను మీరూ ఒకటి తయారుచేయండి. గాజుపలకను పటకారుతో పట్టి, కొవ్వొత్తి మంటలో నల్లగా మసి పట్టించండి. చల్లారాక వాలుగా ఉంచి, దగ్గరనుంచి మెల్లగా బొట్టు వదలండి. మసిని ముట్టుకోవద్దు, ఇట్టే రాలిపోతుంది.